కర్ణభేరికి మత్తు ఎక్కేదెలా?

ఉదయం నిద్ర లేచేసరికి ఒక చెవి మొరాయిస్తుంది. ఫోను ఆ చెవికి పెట్టుకుంటే అవతలి మాట వినపడదు, లోపల మాత్రం ఒకటే హోరు. గుబిలి అడ్డం పడిందేమో, జలుబు పట్టిందేమో అనుకుని, వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోసుకుని వారం గడిపేస్తాం. పోగొట్టుకోకూడని వారం అదే. 72 గంటల్లోపు, పక్కపక్కనే ఉన్న మూడు పౌనఃపున్యాల్లో కనీసం 30 డెసిబెల్స్ వినికిడి పడిపోతే దాన్ని ఆకస్మిక వినికిడి లోపం అంటారు. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లో మొదలైతేనే ఎక్కువ ఆశ. ఆ స్టెరాయిడ్‌ని మాత్రలుగా మింగవచ్చు. లేదంటే కర్ణభేరిని సన్నటి సూదితో గుచ్చి నేరుగా మధ్య చెవిలోకి ఎక్కించవచ్చు. ఈ రెండో మాట చెప్పగానే ఎదుటి మనిషి భుజాలు బిగుసుకుంటాయి. చెవులు కుట్టించినప్పుడు తమ్మెకి తగిలిన సూదే అంత ఏడిపిస్తే, లోపలి పొరకి గుచ్చితే ఎలా ఉంటుందోనన్న భయం సహజం. దానికి డాక్టర్లు ఇచ్చే జవాబు, ‘మొద్దుబారే మందు పెడతాంలెండి’. ఆ మందు ఏమిటి, ఎక్కడ పెడతారు, పెట్టాక ఎంతసేపు ఆగాలి అన్నది మాత్రం డాక్టరు డాక్టరుకీ మారుతుంది.

ఈ ఇంజెక్షన్ అరుదైన వింతేమీ కాదు. అమెరికాలోని 16 కేంద్రాల్లో 250 మంది మీద జరిగి, 2011లో వెలువడిన పరీక్ష దీనికి గట్టి పునాది వేసింది. దాదాపు సగం మందికి ప్రెడ్నిసోన్ మాత్రలు ఇచ్చారు, మిగతావాళ్లకి రెండు వారాల్లో నాలుగుసార్లు చెవిలోకి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఎక్కించారు. రెండు నెలల తర్వాత చూస్తే వినికిడి తిరిగి రావడంలో సూది మాత్రలకు తీసిపోలేదు. మాత్రలతో పని జరగనివాళ్లకి రెండో ప్రయత్నంగా కూడా ఈ సూదినే వాడుతున్నారు. మన దగ్గర దీని అవసరం మరికాస్త ఎక్కువ. దేశంలో పది కోట్లమందికి పైగా మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్క. స్టెరాయిడ్ మాత్రలు మింగితే వాళ్ల చక్కెర ఎగబాకుతుంది. చెవిలోకి వెళ్లిన అర మిల్లీలీటరు మందు ఒంటిని అంతగా కదపదు. మంచం మీద పడుకున్నా గది గిర్రున తిరిగే మెనియర్స్ జబ్బుకీ ఇదే దారిలో స్టెరాయిడో, జెంటామైసిన్ అనే మందో వేస్తారు. 60 మంది మీద ఆ రెండింటినీ పోల్చి 2016లో వెలువరించిన బ్రిటన్ పరీక్షలో కళ్లు తిరగడాన్ని తగ్గించడంలో స్టెరాయిడ్ కూడా దీటుగానే నిలిచింది. అంటే ఇది ఒక్కసారి గుచ్చి వదిలేసే సూది కాదు. రెండు మూడు వారాల్లో మూడు నాలుగుసార్లు అదే కుర్చీలోకి తిరిగి రావాలి. మొదటిసారి చేదు అనుభవం ఎదురైతే రెండోసారి రానే రారు.

ఇంతకీ మత్తు ఎక్కాల్సిన చోటు ఎలా ఉంటుందో చూడాలి. కర్ణభేరి చొక్కా గుండీ కంటే పెద్దదేం కాదు. అడ్డంగా కొలిస్తే 8 నుంచి 10 మిల్లీమీటర్లు. మందం మిల్లీమీటరులో పదో వంతు. చూడ్డానికి ఉల్లిపొరలా ఉన్నా అందులో మూడు వరసలున్నాయి. బయటి వైపు చర్మం, మధ్యలో సాగదీసిన నార, లోపలి వైపు మధ్య చెవి గోడలకున్నలాంటి తడి పొర. మొదటి వరస చర్మం అన్న సంగతి ఇక్కడ కీలకం. నోట్లోనో ముక్కులోనో ఉండే మెత్తటి తడి పొర కాదు అది. మన ముంజేతి మీద ఉన్నట్టే కెరటిన్ కప్పుకున్న, నీటిని లోపలికి రానివ్వని చర్మం. స్నానం చేసేటప్పుడు చెవిలో పడ్డ నీళ్లు మధ్య చెవిలోకి దిగకుండా ఆపేది అదే. నీటిని ఆపే పొర, నీటిలో కరిగిన మత్తుమందునీ అలాగే ఆపుతుంది. చెవి సూదికి ఏ మత్తుమందు మేలు అన్న వాదమంతా ఈ చర్మాన్ని ఎలా దాటాలన్న ఒక్క చిక్కు నుంచే పుట్టింది.

ఇక నరాలు. పొర బయటి వైపు స్పర్శని మెదడుకి మోసేవి ముఖ్యంగా రెండు. ఒకటి దవడకి వెళ్లే నరపు కొమ్మ, రెండోది వేగస్ నరపు కొమ్మ. పుల్లతో చెవి కెలుక్కుంటుంటే ఉన్నట్టుండి దగ్గు తన్నుకొచ్చే వింత చాలామందికి అనుభవమే. గొంతుకీ గుండెకీ వెళ్లే వేగస్ నరం చెవిలోకీ ఒక పాయ పంపినందువల్ల వచ్చే దగ్గు అది. పొర లోపలి వైపు సంగతి వేరు. అక్కడి స్పర్శ గొంతు వెనక భాగాన్ని చూసుకునే నరానిది. బయట ఎంత మందు పూసినా అది ఆ నరందాకా చేరుతుందన్న భరోసా లేదు. సూది గుచ్చినప్పుడు ఏమీ తెలియలేదు గానీ మందు లోపలికి వెళ్లాక గొంతులోనూ దవడలోనూ ఏదో మంటగా ఉందని రోగి చెబితే, బయటి మత్తు చక్కగా పనిచేసిందనే అర్థం. అది పనిచేయాల్సిన పరిధి అంతవరకే మరి.

1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కంట్లో కొకైన్ చుక్కలు వేసి, నొప్పి లేకుండా ఆపరేషన్ చేయొచ్చని చూపించాడు. కంటి పొర తడిది, సన్నటిది, చుక్క వేస్తే ఇంకిపోతుంది. ముక్కు, గొంతు కూడా అలాగే లొంగాయి. కర్ణభేరి లొంగలేదు. బోనెన్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు కొకైన్, మెంథాల్, ఫినాల్ మూడింటినీ సమానంగా కలిపి ఒక ద్రావకం తయారుచేస్తే చెవి డాక్టర్లు దశాబ్దాల తరబడి దాన్నే వాడారు. పేరు కొకైన్‌ది, దారి తెరిచింది మాత్రం ఫినాలే అనుకోవాలి. 1943లో స్వీడన్‌లో నిల్స్ లాఫ్‌గ్రెన్ లిడోకైన్ తయారుచేశాడు, సహచరుడు లుండ్‌క్విస్ట్ తన ఒంటి మీదే దాన్ని పరీక్షించుకున్నాడు. 1948లో అది జైలోకైన్ పేరుతో బజారుకొచ్చింది. మన ఆసుపత్రుల్లో లిగ్నోకైన్ అనేది దీన్నే. పన్ను పీకేటప్పుడు, కుట్లు వేసేటప్పుడు ఇంతకంటే నమ్మకమైన నేస్తం లేదు. అదే లిగ్నోకైన్ నీళ్లమందుని చెవిలో పోసి పది నిమిషాలు ఆగితే మాత్రం దాదాపు ఏమీ జరగదు. కారణం ఆ అణువు వేసే రెండు వేషాలు. ఆమ్లంతో కలిసి లవణంగా ఉంటే అది నీళ్లలో కరుగుతుంది గానీ విద్యుదావేశం మోస్తూ కొవ్వు పొరల్లోంచి దూరలేదు. ఆవేశం వదిలించుకుని క్షారంగా మారితే కొవ్వులోంచి జారిపోగలదు గానీ నీళ్లలో సరిగ్గా కరగదు. సీసాలో నిల్వ ఉండాలంటే లవణం కావాలి, చర్మం దాటాలంటే క్షారం కావాలి. 10 శాతం లిగ్నోకైన్ స్ప్రేలో ఆల్కహాల్ కలుపుతారు కాబట్టి అది నీళ్లమందు కంటే కాస్త నయం. కాకపోతే దాన్ని తయారుచేసింది నోరూ గొంతూ లాంటి తడి పొరల కోసం. ఒక్కో నొక్కుకి 10 మిల్లీగ్రాముల మందు పడుతుంది. ఎక్కడ పడిందో, ఎంత పొరకి తగిలిందో, ఎంత చెవి గొట్టం గోడల మీదే ఉండిపోయిందో చెప్పలేం. చెవిలో చల్లగా, చురుక్కుమంటూ తగులుతుంది. చవక, చేతికి అందుబాటులో ఉంటుంది, ఏదో పెట్టామన్న తృప్తి డాక్టరుకీ రోగికీ మిగులుతుంది. స్ప్రే అంత విరివిగా వాడుకలో ఉండటానికి దాని పనితనం కంటే ఈ సౌకర్యమే కారణమని నా అనుమానం.

ఈ చిక్కుముడిని తెలివిగా విప్పిన మందు ఎమ్లా క్రీము. మన మందుల షాపుల్లో ప్రిలాక్స్ లాంటి పేర్లతో దొరుకుతుంది. చంటిపిల్లలకి రక్తం తీసేముందు చేతికి పూసి పైన ప్లాస్టిక్ అతికించేది ఇదే. ఇందులో లిగ్నోకైన్ 2.5 శాతం, ప్రిలోకైన్ 2.5 శాతం. విడివిడిగా రెండూ గట్టి పలుకులే. లిగ్నోకైన్ 68 డిగ్రీల దగ్గర, ప్రిలోకైన్ 38 డిగ్రీల దగ్గర కరుగుతాయి. సమానంగా కలిపితే ఒకదాన్నొకటి గట్టిపడనివ్వవు, 18 డిగ్రీలకే నూనెలా మారిపోతాయి. కుల్ఫీ బండివాడు ఐసుగడ్డల్లో ఉప్పు కలిపేదీ ఈ సూత్రం మీదే. అరకు, ఆదిలాబాద్ చలిరాత్రుల్ని పక్కనపెడితే మన గదుల్లో వేడి ఎప్పుడూ 18కి పైనే కాబట్టి ఆ మిశ్రమం నూనెగానే ఉంటుంది. అంటే నీళ్ల సాయం లేకుండానే, లవణం వేషం వేయకుండానే, చర్మాన్ని దాటగల క్షార రూపంలో మత్తుమందు చిక్కగా దొరికిందన్నమాట. రసాయనశాస్త్రం పరంగా ముచ్చటైన ఉపాయం. చెవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దీనికి మూడు చిక్కులున్నాయి. మొదటిది సమయం. గొట్టం అడుగుదాకా క్రీము నింపి అరగంట నుంచి గంట వరకూ కూర్చోబెట్టాలి. రెండోది, సూది వేసేముందు దాన్నంతా సక్షన్‌తో లాగేయాలి. చెవిలో సక్షన్ పెడితే మిక్సీ తిరుగుతున్నంత మోత. లోపలికి ఈడ్చుకొచ్చే చల్లగాలికి కళ్లు కూడా తిరగొచ్చు. మూడోది అన్నిటికంటే పెద్దది. ఈ క్రీము మధ్య చెవిలోకి జారే అవకాశం ఉన్నచోట వాడొద్దని తయారీదార్ల పత్రమే హెచ్చరిస్తుంది. మధ్య చెవిలో వేసినప్పుడు వినికిడి భాగాలకు హాని జరిగినట్టు జంతువుల మీద పరీక్షల్లో తేలింది. సూది గుచ్చేదేమో ఆ పొరలోనే, రంధ్రం పడేదీ అక్కడే. జాగ్రత్తగా శుభ్రం చేస్తే ఏమీ కాదని వాడేవాళ్లు అంటారు, చాలామంది క్షేమంగానే వాడుతున్నారు కూడా. కానీ పోయిన వినికిడి కోసం వచ్చిన చెవి పక్కన, వినికిడికి పడని మందుని గంటసేపు నిలబెట్టడం ఎందుకన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

మిగిలింది ఫినాల్. పేరు వినగానే ఆసుపత్రి వరండా తుడిచే ఫినాయిల్ గుర్తొస్తుంది గానీ అదీ ఇదీ ఒకటి కాదు. 1867లో జోసెఫ్ లిస్టర్ గాయాలు చీము పట్టకుండా వాడి చూపించిన కార్బాలిక్ ఆమ్లం ఇదే. పంటినొప్పికి మనం నొక్కిపెట్టుకునే లవంగంలోని యూజినాల్ కూడా ఈ కుటుంబంలోదే, కాకపోతే చాలా సాధు స్వభావం గలది. చెవికి వాడే ఫినాల్ ద్రవం ఘాటు 90 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మైక్రోస్కోపు కింద ఆ పని చూడటానికి చిత్రంగా ఉంటుంది. సన్నటి లోహపు పుల్ల కొసని మందులో ముంచి, ఎక్కువైనదాన్ని గుడ్డకి ఒత్తేస్తారు; కొస తడిగా కనపడాలి, చుక్క మాత్రం వేలాడకూడదు. గొట్టం గోడలకు ఎక్కడా తగలకుండా లోపలికి దించి, ముత్యం రంగులో మెరిసే పొర మీద ఎముకలకు దూరంగా ఎంచుకున్న చోట ముట్టిస్తారు. అంతే, ఆవగింజంత మేర అక్కడికక్కడే సున్నం చుక్క పెట్టినట్టు తెల్లబడుతుంది. రోగికి ఒక చురుకు, కాస్త వేడి, ఆ తర్వాత ఏమీ ఉండదు. కొద్ది క్షణాల్లో ఆ తెల్లచుక్కలోంచే సూది దింపుతారు. చర్మాన్ని ఎలా దాటాలన్న చిక్కుని ఇది విప్పదు, తెంచేస్తుంది. ప్రొటీన్‌ని గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టించి, ఆ కాస్త చోట చర్మాన్నీ నరపు కొసల్నీ కలిపి మూగబరుస్తుంది. తెల్లచుక్క ఎక్కడుందో కంటికి కనపడుతుంది కాబట్టి మత్తు ఎక్కిన చోటు ఏదో ఊహించుకోనక్కర్లేదు. లిగ్నోకైన్‌కీ క్రీముకీ లేని గుణం ఇది.

చెవి గొట్టం చుట్టూ లిగ్నోకైన్‌ని సూదితో ఎక్కించి నరాల్నే మొద్దుబార్చే పద్ధతి కూడా ఉంది. కర్ణభేరి అతికించే ఆపరేషన్లు ఎన్నో ఈ మత్తు మీదే జరుగుతాయి, మత్తు కూడా గట్టిది. అయితే గొట్టం లోపలి భాగంలో చర్మం ఎముకకి అతుక్కుని ఉంటుంది, మందు ఎక్కిస్తుంటే చర్మం ఎముక నుంచి ఊడుతున్నట్టు నొప్పి పుడుతుంది. పక్కనున్న ముఖ నరానికి మందు పాకితే కొన్ని గంటలపాటు మూతి వంకరపోయి, కన్ను మూతపడక మనిషి హడలిపోతాడు. ఒక్క సన్నటి సూది పోటు తెలియకూడదని నాలుగు పెద్ద పోట్లు పొడవడం లెక్కకి అందని బేరం. లిగ్నోకైన్‌ని బలహీనమైన కరెంటుతో పొరలోకి నెట్టే పద్ధతి ఇంకొకటి. అణువుకున్న విద్యుదావేశం ఇక్కడ అడ్డంకి కాదు, వాహనం. దీని ఆధారంగా పిల్లల చెవుల్లో చిన్న గొట్టాలు పెట్టే ట్యులా అనే పరికరాన్ని 2019లో అమెరికా ఆమోదించింది. పిల్లలకి పూర్తి మత్తు ఇచ్చే పని తప్పిస్తుంది కాబట్టి అక్కడ దానికి విలువ ఉంది. పెద్దవాళ్ల చెవి సూదికి అంత సరంజామా ఎందుకో అర్థం కాదు.

మరి వీటిని పోల్చి చూసిన పరీక్షలు ఏం చెబుతున్నాయి? ప్రచురితమైన పోలికలు చాలావరకూ చిన్నవి, పదుల సంఖ్యలో రోగుల మీద జరిగినవి. సాధారణంగా సున్నా నుంచి పది దాకా ఉన్న గీత చూపించి ఎంత నొప్పో గుర్తు పెట్టమంటారు. వాటిని పక్కపక్కన పెడితే ఏ ఒక్క మందూ మిగతావాటిని చిత్తుచేసినట్టు కనపడదు. ఇందులో రెండు మెలికలున్నాయి. ఆ గీతని 100 మిల్లీమీటర్లుగా తీసుకుంటే, సుమారు 13 మిల్లీమీటర్ల కంటే తక్కువ తేడా వస్తే నొప్పి తగ్గినట్టు మనిషికి తెలియనే తెలియదని అత్యవసర విభాగాల్లో జరిగిన అధ్యయనాలు చెప్పాయి. కాబట్టి రెండు మందుల సగటుల మధ్య అర మార్కు తేడా వచ్చిందని పండగ చేసుకోవడానికి లేదు. రెండో మెలిక, ఇక్కడ గుట్టు దాచడం దాదాపు అసాధ్యం. గంటసేపు క్రీము పెట్టించుకున్న మనిషికి తనకేదో గట్టి మందే పెట్టారని తెలుసు. క్షణంలో ముట్టించి వదిలేస్తే ఇంతేనా అనుకుంటాడు. ఆ నమ్మకం కూడా గీత మీద గుర్తు పెడుతుంది. దీన్నిబట్టి ‘అన్నీ ఒకటే, ఏది దొరికితే అది పెట్టండి’ అనేవాళ్లున్నారు. నాకు సరిగ్గా దానికి వ్యతిరేకంగా తోస్తుంది. సూది పోటు నొప్పిలో పెద్ద తేడా లేనప్పుడే మిగతా తేడాలకు విలువ పెరుగుతుంది. ఒక మందు గంట తీసుకుంటుంది, ఇంకొకటి క్షణం. ఒకటి గొట్టం నిండా పరచుకుంటుంది, ఇంకొకటి ఆవగింజంత చోట ఆగుతుంది. ఒకటి రంధ్రంలోంచి జారే ప్రమాదం ఉంది, ఇంకొకటి సరిగ్గా అద్దితే జారడానికి చుక్కే ఉండదు.

అసలు లోపం కొలతలో ఉంది. పోలికలన్నీ సూది దిగిన ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. రోగి కుర్చీ ఎక్కి దిగేలోగా గడిచేది ఒక్క క్షణం కాదు, క్రీము కోసం ఆగే సమయం కాకుండానే దాదాపు ముప్పావు గంట. తల పక్కకి తిప్పి పడుకోబెడతారు, గుబిలి తీస్తారు, మత్తు పెడతారు, సూది దింపుతారు, 0.3 నుంచి 0.5 మిల్లీలీటర్ల మందు మెల్లగా ఎక్కిస్తారు. ఆ తర్వాత ఇరవై ముప్పై నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా, గుటక కూడా వేయకుండా ఉండమంటారు. గుటక వేస్తే చెవి నుంచి గొంతులోకి వెళ్లే సన్నటి గొట్టం తెరుచుకుని మందు జారిపోతుంది. నోట్లో చేదు తగిలిందంటే కాస్త మందు ఆ దారి పట్టినట్టే. ఈ ముప్పావు గంటలో మనిషిని బాధపెట్టేవి చాలానే ఉన్నాయి. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ మధ్య చెవిలో మండుతుంది, డెక్సామెథాసోన్ అనే ఇంకో స్టెరాయిడ్ అంతగా మండదు. గాలి బయటికి పోయే దారి లేకుండా మందు తోస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అందుకే కొందరు డాక్టర్లు గాలి కోసం ముందే ఇంకో చిన్న రంధ్రం పెడతారు. అన్నిటికంటే మించినది చల్లదనం. ఒంటి వేడికి తక్కువగా ఉన్న ద్రవం లోపలి చెవి పక్కకి చేరగానే సమతూకం చూసే అర్ధచంద్రాకారపు గొట్టాల్లో ద్రవం కదిలి గది గిర్రున తిరుగుతుంది. చెవిలో చల్లటి, వేడి నీళ్లు పోసి ఈ తిరుగుడుని శాస్త్రంగా మార్చినందుకే రాబర్ట్ బారనీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. మెనియర్స్ రోగికి ఆ తిరుగుడు ఎంత నరకమో చెప్పనక్కర్లేదు. ఈ మంటకీ ఒత్తిడికీ చల్లదనానికీ బయటి పొర మీద పెట్టిన ఏ మత్తుమందూ జవాబు చెప్పదు.

‘ఒక్క క్షణం చురుక్కుమంటుంది, దానికింత చర్చ ఎందుకు, మత్తు లేకుండానే గుచ్చేస్తే పోదా’ అనే డాక్టర్లూ ఉన్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. సన్నటి సూదిని ఓర్చుకునేవాళ్లు చాలామందే. అయితే సమస్య నొప్పి ఒక్కటే కాదు, ఉలికిపాటు. పొర వెనక కొద్ది మిల్లీమీటర్ల దూరంలో మన ఒంట్లోకెల్లా చిన్న ఎముక, మూడు మిల్లీమీటర్ల స్టేపిస్, లోపలి చెవి గుమ్మం మీద కూర్చుని ఉంది. సూది లోపలున్నప్పుడు తల ఒక్కసారి అదిరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పైగా అదే మనిషి ఇంకో మూడుసార్లు రావాలి. మొదటిసారి ఉలిక్కిపడ్డవాడు రెండోసారి సూది కనపడకముందే ఉలిక్కిపడతాడు. ఒక్క క్షణపు మత్తు విలువ ఆ క్షణంతో తీరిపోయేది కాదు.

ఫినాల్ మీద వచ్చే అసలైన అభ్యంతరం వేరు. అది మొద్దుబార్చడం కాదు, కాల్చడం. కాలిన అంచు త్వరగా పూడదు, రంధ్రం అలాగే మిగిలిపోతే ఎలా? తేలిగ్గా కొట్టిపారేయకూడని ప్రశ్న ఇది. చుక్క పెద్దదైనా, ఒకే చోట పదేపదే అద్దినా, మందు లోపలికి జారినా హాని చేస్తుంది. ఫినాల్ కూడా లోపలి చెవికి విషమే. కానీ కాలిన మచ్చ అన్నది దానంతటదే మానుదలకు శత్రువు కాదు. పూడని చిన్న రంధ్రాల అంచుల్ని ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో కాల్చి, ఆ గాయం రేపే కదలికతోనే మళ్లీ పూడేట్టు చేసే చికిత్స చెవి వైద్యంలో ఎప్పటినుంచో ఉంది. కర్ణభేరి చర్మానికి ఇంకో విచిత్రమైన గుణం కూడా ఉంది. అది ఉన్నచోట ఉండదు. పొర నడిమి నుంచి గొట్టం వైపు రోజుకి సుమారు మిల్లీమీటరులో పదో వంతు చొప్పున జరుగుతూనే ఉంటుంది. గుబిలి దానంతటదే బయటికి రావడానికి కారణమూ ఆ కదలికే. పైపైన అద్దిన తెల్లచుక్క కూడా ఆ బండి ఎక్కి కొన్ని వారాల్లో పక్కకి జరిగి రాలిపోతుంది. అందువల్ల ఫినాల్ పట్ల ఉండాల్సిన భయం మందు మీద కాదు, దాన్ని అద్దే చేతి మీద. మైక్రోస్కోపు లేకుండా, మొన అదిరే చేత్తో, ఎక్కువ తడిపిన దూదితో ముట్టించేట్టయితే అది వద్దే వద్దు, అప్పుడు క్రీమే నయం.

అందరికీ ఫినాలే అనడం కూడా పొరపాటే. పాత ఇన్ఫెక్షన్ మాని, నార వరస లేకుండా పల్చగా పూడిన పొర మీద ఈ మందు పెట్టడానికి చేయి రాదు. అలాంటివాళ్లకి క్రీము పెట్టి, ఒక్క చుక్క మిగలకుండా లాగేసి, అప్పుడు గుచ్చడం మేలు. పొరలో ఇదివరకే రంధ్రమో, పెట్టిన చిన్న గొట్టమో ఉన్న చెవికి గుచ్చాల్సిన పనే లేదు, ఆ దారినే మందు పోయవచ్చు. అక్కడ లిగ్నోకైన్ కూడా వేయకూడదు, రంధ్రంలోంచి లోపలి చెవిని చేరితే గంటల తరబడి వాంతులతో కళ్లు తిరుగుతాయి. క్రీములోని ప్రిలోకైన్ పసిపిల్లల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించగలదు కాబట్టి వాళ్ల విషయంలో మోతాదు దగ్గర జాగ్రత్త తప్పదు. కుదురుగా పడుకోలేని పిల్లలకి ఈ మందుల్లో ఏదీ చాలదు, కాసేపు పూర్తి మత్తు ఇవ్వాల్సిందే. మిగతా పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఆవగింజంత ఫినాల్ సరిపోతుందన్నది నా లెక్క.

హైదరాబాద్ కోఠిలో, విశాఖలో ఉన్న ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రుల్లాంటి చోట్ల ఈ లెక్కకి ఇంకో అర్థం ఉంటుంది. ఉదయం ఓపీలో ఒక్కో రోగికి గంట క్రీము పెట్టించి కూర్చోబెట్టాలంటే కుర్చీలూ చాలవు, సక్షన్ యంత్రమూ ఖాళీ ఉండదు. ఆ ఒత్తిడిలో గంట కాస్తా పావుగంట అవుతుంది, పావుగంట క్రీముతో చర్మం తడిసిందే తప్ప మొద్దుబారి ఉండదు. ఫినాల్ చుక్క ఆ గంటని మిగులుస్తుంది. మిగిలిన సమయంలో రెండు నిమిషాలు మందు సీసా కోసం తీయొచ్చు. ఏసీ గదిలో ట్రేలో పెట్టిన డెక్సామెథాసోన్ చల్లబడి ఉంటుంది. నర్సు దాన్ని గుప్పిట్లో పట్టుకుని నిలబడితే చేతి వేడికి కాస్త వెచ్చబడుతుంది. పడుకున్న మనిషికి ఆ తేడా సూది దిగినప్పుడు కాదు, దిగిన అర నిమిషం తర్వాత పైకప్పు మీది ఫ్యాను కదలకుండా నిలబడి ఉన్నప్పుడు తెలుస్తుంది.